ఎరుక లేదన్న మాట

పోయిన నెల మిర్యాలగూడ నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనాయన. మా మేనత్త సమాధి దగ్గర ఏటేటా జరిగే ఆరాధన ఈసారి ఘనంగా చేస్తున్నారట. ఆమె రక్తసంబంధీకుల్లో మిగిలినదాన్ని, పైగా పుస్తకాలు రాసినదాన్ని కనుక ఆమె జ్ఞానం గురించి ఒక సందేశం రాసివ్వాలట. అచ్చుకు పంపబోయే కరపత్రం కూడా చూపించాడు. నేను లెక్కలూ తేదీలూ సరిచూసుకునే మనిషిని. పాలవాడి లెక్కయినా, నా పుస్తకం ప్రూఫులైనా, తప్పు కనిపిస్తే చేయి ఊరుకోదు. పెన్సిలు తీసుకున్నాను. పేరు ‘శ్రీ అనంతాంబ అవధూత’ అని ఉంది. కొట్టేసి అంతమ్మ అని రాశాను. ‘బాల్యము నుండియే విరాగి’ అని ఉంది. గాజులామె వాకిట్లో గంప దించితే చేతిలో పని వదిలేసి లేచి పరుగెత్తే మనిషి మా అత్త. అదీ కొట్టేశాను. ‘యౌవనముననే సంసారమును త్యజించిరి’ అని ఉంది. దాని పక్కన, ‘సంసారమే ఆమెను వదిలిపోయింది, ఆమె వదల్లేదు’ అని రాశాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివి, చేతులు జోడించి, ‘మీరు కూడా మాతగారిలాగే గూఢంగా చెప్తారు మేడం, ఈ వాక్యం ఇట్లాగే వేసేద్దాం’ అన్నాడు. పెన్సిలు కింద పెట్టేశాను. సందేశం ఇవ్వలేదు. చెప్పదలచుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో తేదీలు వేయడం లేదు. అప్పటికి నేను పరికిణీలు కట్టే పిల్లను. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఏళ్ళను రజాకార్లు వచ్చిన ఏడు, మిల్ట్రీ వచ్చిన ఏడు అని చెప్పుకునేవాళ్ళు తప్ప అంకెలతో చెప్పుకోలేదు. ఆధారం లేని తేదీ రాయడం నాకు అలవాటు లేదు. నేను చూసిందీ విన్నదీ మాత్రం చూసినట్టు, విన్నట్టు రాస్తాను.

మాది సూర్యాపేటలో మగ్గాల ఇల్లు. వాకిట్లోకి అడుగుపెడితే మొదట ముక్కుకు తగిలేది పులిసిన గంజి వాసన. పడుగుకు పట్టించిన గంజి ఎండేదాకా ఇల్లంతా ఆ వాసనే. అన్నంలోనూ అదే, కప్పుకునే దుప్పట్లోనూ అదే. నడిమింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదానిలో మా నాయన, రెండోదానిలో అత్త మొగుడు కూర్చునేవాళ్ళు. నాయనమ్మ పొద్దున్నే ముఖం కడుక్కుని మగ్గానికి దండం పెట్టేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఆమె దండం పెట్టి, పొగాకు చుట్ట ముట్టించుకుంటే అప్పుడు ఇంట్లో మాట మొదలయ్యేది. అమ్మ వంట పనీ గంజి పనీ చూసేది. అంతమ్మత్త పని కండెలు చుట్టడం. నూలు లడిని చట్రానికి వేసి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య దారాన్ని పట్టి వదులుతూ కండెకు ఎక్కించాలి. మరీ గట్టిగా పట్టుకుంటే దారం తెగుతుంది. వదులుగా వదిలితే కండె గుల్లగా వచ్చి మగ్గంలో చిక్కుపడుతుంది. ఆమె చుట్టిన కండె రాయిలా ఉండేది. నాయన ఎవరి పనీ మెచ్చుకోడు, చెల్లెలి కండెను మాత్రం ఒకసారి చేతిలో ఎగరేసి చూసి పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టుకునేవాడు.

అత్త ఆ రాట్నం దగ్గరే పాటలు కట్టేది. కట్టడం అంటే కూర్చుని ఆలోచించి కట్టడం కాదు. రాట్నం ఒక తిప్పు తిరిగితే ఒక మాట, దారం సాగినంతసేపు ఒక వరుస. దారం తెగితే పాట కూడా అక్కడే ఆగేది. తెగిన కొసలు రెండూ కలిపి, ఉమ్మితో తడిచేసి మెలిపెట్టి, మళ్ళీ చక్రం తిప్పితేనే తర్వాతి వరుస వచ్చేది. వంట చేసేటప్పుడో, నీళ్ళు తోడేటప్పుడో ఆ పాట మళ్ళీ పాడమంటే రాదనేది. నేను మొండికేస్తే, ‘రాట్నం పాడిందే బిడ్డా, నేనేడ పాడిన’ అని నవ్వేది. ఆ తర్వాత నేను ఎందరో కవులను చూశాను. సభల్లో శాలువాలు కప్పించుకుని, తమ ప్రేరణ గురించి గంటల తరబడి చెప్పేవాళ్ళను విన్నాను. పనిలోంచి పాట ఎట్లా వస్తుందో ఆ ఒక్క ముక్కలో మా అత్త చెప్పినంత సరిగ్గా ఎవరూ చెప్పగా వినలేదు.

అత్త మొగుడు ఇల్లరికం వచ్చినవాడు. మంచివాడే అని అందరూ అనేవాళ్ళు. నాకు ఆయన ముఖం సరిగా గుర్తులేదు కాబట్టి అవుననీ కాదనీ చెప్పను. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన రోజుల్లో మా వాడకట్టు మగవాళ్ళు చాలామంది షోలాపూర్ మిల్లులకు పోయారు. ఆయన పోతానని చెప్పలేదు. ఒక తెల్లవారి లేచి చూస్తే వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంది, మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది, నాడె దారంతో సహా పడుగు మీద వదిలేసి ఉంది. షోలాపూర్ నుంచి వచ్చినవాళ్ళను అడిగితే కొందరు చూశామన్నారు, కొందరు ఆయన అక్కడికే రాలేదన్నారు. ఒకడు బొంబాయి అన్నాడు. ఇంకొకడు తోవలో రోగమొచ్చి పోయాడన్నాడు. ఏ మాటా నిలవలేదు. బాయికాడ ఆడవాళ్ళు, సంతలో మగవాళ్ళు, ఎవరు ఎదురైనా అత్తను అడిగే ప్రశ్న ఒకటే: నీ మొగడేడి అంతమ్మా? ఆమె చెప్పే జవాబూ ఒకటే: ఎరుక లేదు.

ఆ ఏళ్ళలో మా ప్రాంతమంతా ఆ మాట మీదే బతికింది. తుపాకులు పట్టుకుని వచ్చిన రజాకార్లు మీ మగవాళ్ళేరీ అంటే ఎరుక లేదు. పోలీసులు వచ్చి దళానికి అన్నం ఎవరు పెట్టారంటే ఎరుక లేదు. దళం వాళ్ళు వచ్చి పోలీసులకు ఎవరు చెప్పారంటే ఎరుక లేదు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. మా అత్త ఒక్కతే నిజంగా తెలియక ఆ మాట అనేది. అందుకేనేమో ఆమె నోట్లో ఆ మాట వేరుగా వినిపించేది. ఒకరోజు రాట్నం తిప్పుతూ తిప్పుతూ దాన్నే పాటలో పెట్టింది. నేను పక్కనే కూర్చుని నూలు లడి విడదీస్తున్నాను. ఆ పాట నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు:

ఏ తొవ్వ పోయెనో ఎరుక లేదు
ఎవ్వరి నడిగినా ఎరుక లేదు
తలుపు తెరిచే పోయె, దారమొదిలే పోయె
తిరిగొచ్చు పొద్దేదొ ఎరుక లేదు

ఉన్నడందునొ నేను, లేడందునో
బొట్టు పెట్టే చేతికెరుక లేదు

ఇందులో గూఢమైన మాట ఒక్కటీ లేదు. తలుపు అంటే మా వాకిలి తలుపు. దారం అంటే నాడెలో దారం. బొట్టు అంటే బొట్టు. ఉన్నాడనుకుంటే పెట్టుకోవాలి, లేడనుకుంటే తుడుచుకోవాలి. రోజూ పొద్దున అద్దం ముందు కూర్చుని ఏది చేయాలో తెలియక చేయి ఆగిపోవడం నేను చూశాను. పాట కట్టిన నాడు నాయనమ్మ చుట్ట ఆర్పేసి అవతలికి వెళ్ళిపోయింది. నాయన నాడె ఆపేశాడు.

ఆ పాటను సరిగా విన్నవాడు ఒకడున్నాడు. కోదాడలో మా అమ్మ పుట్టిల్లు. అమ్మకు చిన్నాన్న కొడుకు కోటయ్య, నాకు మామ వరస. నూలుకు రంగు అద్దడం ఆయన వృత్తి. నీలిమందు తొట్టిలో చేతులు ముంచీ ముంచీ మణికట్ల దాకా నల్లటి నీలం పట్టేసి, ఎంత తోమినా పోయేది కాదు. భార్య పురిట్లో పోయింది, పిల్లలు లేరు. రంగు నూలు తీసుకుని సూర్యాపేట వచ్చినప్పుడల్లా మా గడపలో కూర్చుని, నూలు చూపించి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. మితభాషి. ఒకసారి అత్త లోపల రాట్నం దగ్గర ఆ పాట పాడుకుంటుంటే విన్నాడు. నీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని తాగకుండా అట్లాగే కూర్చున్నాడు. పాట అయ్యాక అమ్మతో అన్నాడు: ‘అక్కా, ఆమె సంగతి ఏదో ఒకటి తేల్చండి. ఉన్నాడో లేడో తెలియకుండా రోజూ అద్దం ముందు ఎట్లా కూర్చుంటుంది? మీరంతా ఒప్పుకుంటే నేను చేసుకుంటాను. తొందరేం లేదు. ఆమెను కూడా అడగండి.’

అమ్మ ఆ రాత్రే అత్తను అడిగింది. అత్త, ‘ఆయన చేతుల గా నీలం ఎన్నడు పోతదట వదినా?’ అని అడిగింది. పోదట అని అమ్మ అంటే, ‘పోకుంటె పోకపాయె’ అంది. అమ్మ నవ్వింది, అత్తా నవ్వింది. మొగుడు వెళ్ళిపోయిన తర్వాత ఆమె నవ్వగా నేను చూసింది అప్పుడే. మా కులంలో మారుమనువు కొత్తేమీ కాదు. మొగుడు పోయినవాళ్ళకు చేస్తారు, తెగదెంపులు అయినవాళ్ళకు చేస్తారు. అయితే పోయాడో లేదో తెలియనివాడి పెళ్ళానికి ఎట్లా చేయాలి? కులపెద్దలు రెండు మూడు సార్లు కూర్చుని, ఎటూ తేల్చలేక, మిర్యాలగూడ అయ్యగారు ఏమంటే అదే అన్నారు. అయ్యగారంటే మా వాడకట్టులో సగం ఇళ్ళకు ఉపదేశం ఇచ్చిన గురువు. ఆయన పేరు ఇక్కడ రాయను. ‘ఆ పిల్ల బంధం తెగింది, చేసుకోవచ్చు’ అని ఆయన నోటితో ఒక్క మాట అంటే చాలు, కులంలో ఎవరూ ఎదురాడరు. ఆ ఒక్క మాట కోసం మేం బండి కట్టుకుని బయలుదేరాం.

నాయన, అత్త, నేను. అమ్మ రాలేదు, నాయనమ్మ మంచాన పడి ఉంది. అమ్మ వచ్చి ఉంటే ఈ కథ వేరుగా ఉండేదని నా నమ్మకం. బండిలో అత్త పెట్టె అడుగున ఉన్న చుక్కల చీర కట్టుకుని కూర్చుంది. మూసీ ఇసకలో ఎద్దులు మొరాయిస్తే అందరం దిగి నడిచాం. అవతలి గట్టున చెట్టు కింద సద్దులు విప్పి తింటూ నాయన, అయ్యగారి ముందు ఎవరు ఏం మాట్లాడాలో చెప్పాడు. తానే అడుగుతాడట, అత్త నోరు మెదపకూడదట. ‘నువ్వు అడుగుతవ్ గదా అన్నా, మర్చిపోవు గదా’ అని ఆమె రెండుసార్లు అడిగింది. నాయన చిన్నబుచ్చుకున్నాడు. నిజానికి ఆయనకు గురువుగారంటే భక్తి కంటే భయం ఎక్కువ. ఆయన ముందు నిలబడితే నాయన గొంతు సగానికి తగ్గిపోతుంది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అత్తకు మరీ బాగా తెలుసు.

అయ్యగారి మఠం అంటే పెద్ద పెంకుటిల్లు. ముందు పందిరి, పందిరి కింద చాపలు, ఆవుపేడా కర్పూరమూ కలిసిన వాసన. మేం పోయేసరికి భజన నడుస్తోంది. గురువుగారు ఎత్తు పీట మీద జింకతోలు పరచుకుని కూర్చున్నారు. ఆయన చెప్పే మార్గంలో ఎరుక అనే మాటకు వేరే అర్థం ఉంది. ఎరుక అంటే ‘నేను’ అన్న తెలివి. ఆ తెలివే మనిషికి బంధం. అది లేకుండా పోతే అదే ముక్తి. ఎరుక లేని స్థితిని అందుకోవడానికి శిష్యులు ఏళ్ళ తరబడి ఆయన దగ్గర కూర్చునేవారు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. అత్తకు ఎన్నడూ తెలియదు. ఆమెకు ఉపదేశం లేదు. ఆమె తెలుగులో ఎరుక అంటే తెలియడం, అంతే.

భజన ఆగాక గురువుగారు నాయనను పేరుపెట్టి పిలిచి, ఏం పని మీద వచ్చావన్నారు. అంతమంది ముందు చెల్లెలి మారుమనువు మాట ఎత్తడానికి నాయనకు నోరు రాలేదు. కాసేపు నసిగి, ‘మా చెల్లెలు పాటలు గడుతది అయ్యగారు’ అన్నాడు. మంచి చేసుకుని తర్వాత అసలు సంగతి అడగవచ్చనుకున్నాడట. ఆ మాట తర్వాత అమ్మతో చెప్పాడు. గురువుగారు పాడమన్నారు. అత్త నాయన వైపు చూసింది. పాడు అని ఆయన కళ్ళతోనే సైగ చేశాడు. ఆమె రాట్నం లేకుండా రాదంది. ఎవరో నవ్వారు. మఠంలో రాట్నం ఎక్కడిదమ్మా అన్నారు. చివరికి ఆమె కళ్ళు మూసుకుని, లేని రాట్నాన్ని కుడిచేత్తో గాలిలో తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి లేని దారాన్ని పట్టుకుని, ఆ పాటే ఎత్తుకుంది. ఏ పాటైతే గురువుగారికి తన బాధ తెలుస్తుందో ఆ పాట. విన్నాక నాయన అడగవలసిన అవసరం కూడా ఉండదని ఆమె అనుకున్నది.

రెండో వరుసకే పందిరి కింద గుసగుసలు ఆగిపోయాయి. ఆ వేళ్ళ పట్టు చూసి ఒక ముసలాయన, జ్ఞానముద్ర, జ్ఞానముద్ర అని పక్కవాడితో అన్నాడు. గాలిలో తిరిగే చేతిని చూసి ఇంకొకరు చక్రమన్నారు. గురువుగారు కళ్ళు మూసుకున్నారు. పాట అయ్యాక చాలాసేపు తెరవలేదు. తెరిచి, తలుపు తెరిచి పోవడమంటే తొమ్మిది వాకిళ్ళ ఇల్లైన ఈ దేహాన్ని విడవడమని, దారమంటే శ్వాస అని, బొట్టు పెట్టే చోటు కనుబొమల నడుమ ఉన్న స్థానమని ఒక్కొక్కటే విప్పి చెప్పారు. అక్షరం రాని ఆడమనిషి నోట ఎరుక లేని స్థితి ఇంత తేటగా పలికిందంటే గురుకృప అన్నారు. అందరూ అవునన్నారు. అత్త ముఖం నేను చూస్తూనే ఉన్నాను. ఎవరి గురించో మాట్లాడుతున్నారనుకుని ఆమె అటూ ఇటూ చూసింది.

‘నీకు నేను చెప్పేదేమీ లేదు తల్లీ’ అన్నారు గురువుగారు.

‘గట్లనకుండ్రి అయ్యగారు. ఒక్క మాట జెప్పాలె. గందుకే వచ్చిన’ అంది అత్త.

‘ఎరుక లేనివారికి మాట ఎందుకు?’ అని ఆయన చేతులు జోడించారు. గురువే చేతులు జోడించాక శిష్యులు ఊరుకుంటారా? వరసగా వచ్చి ఆమె కాళ్ళకు మొక్కారు. ఆమె, ‘నేను నా మొగుని మీద గట్టిన అయ్యగారు, షోలాపూర్ వోయిండు’ అంది. ఆ మాటకు కూడా గురువుగారు చిరునవ్వు నవ్వి తల ఊపారు. జీవుడి పరదేశ ప్రయాణమని ఎవరో వెనకనుంచి అర్థం చెప్పారు. నాయన తల దించుకుని చాప అంచు పీకుతున్నాడు. మర్నాడు మేం బండి ఎక్కేలోపు మఠంలో ఒక శిష్యుడు ఆ పాట రాసుకున్నాడు. తొవ్వను త్రోవ చేశాడు. చివర కట్టినవారి పేరు చెప్పే ముద్ర లేదని గురువుగారి పేరుతో ఒక చరణం తగిలించాడు. ఎరుక పోయినవారికి తమ పేరు పెట్టుకునే అవసరం ఉండదట. గురువుగారి పాటలన్నిటిలో గురువుగారి పేరుంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసేంత లెక్క ఆ పందిరి కింద ఒక్కరికీ రాలేదు.

ఇంటికి వచ్చి నాయన జరిగింది చెబుతుంటే అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. ‘పెండ్లి మాట అడిగి రమ్మంటె దేవతను జేసి తెచ్చినవా? ఇగ దేవతకు ఎవడు జేస్తడు పెండ్లి?’ అంది. నాయన, అయ్యగారు అంత గౌరవం చేస్తుంటే తాను ఎట్లా అడ్డం మాట్లాడతానన్నాడు. ‘గౌరవం కాదు, నీ నోరు పడిపోయింది’ అంది అమ్మ. అత్త మాత్రం రాట్నం దగ్గర కూర్చుని, చట్రానికి లడి వేస్తూ, ‘ఇంకోపారి పోదాం వదినా, ఈపారి పాట పాడ. నిమ్మలంగ నేనే అడుగుత’ అంది. పోనిచ్చేవాళ్ళెవరు? మేం వచ్చిన వారంలోగా సంగతి వాడకట్టంతా పాకింది, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకూ పోయింది. ఆడవాళ్ళు పసుపూ కొబ్బరికాయా పట్టుకుని వచ్చి ఆమె ముందు పిల్లలను పడుకోబెట్టేవారు. అత్త లేచి కులపెద్దల ఇళ్ళకు తానే పోయింది. నాకేం తెలియదు, నేను మామూలు మనిషిని, నా పెండ్లి సంగతి తేల్చండని అడిగింది. వాళ్ళు లేచి నిలబడి, ‘ఎరిగినోళ్ళు గిట్లనే అంటరమ్మా’ అన్నారు. ఏం చెబితే అది తత్త్వమైపోయింది. కోపం చేస్తే పరీక్ష అన్నారు. ఏడిస్తే కరుణ అన్నారు. ఆమెకు ఇక మామూలు మాట ఒక్కటీ మిగల్లేదు.

నేను రాయడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. జ్ఞానం గురించి, రచన గురించి రెండు మాటలు చెప్పమని పిలుస్తారు. నాకు తెలిసింది చెబితే వాళ్ళకు నచ్చదు. వినడం కష్టమైనచోట మనవాళ్ళు దండం పెడతారు. నొప్పి అని చెప్పిన మనిషికి మందు తేవాలి, తోడు నిలబడాలి, నలుగురితో మాట పడాలి. ఆ నొప్పి ఎంత గొప్పగా పాడావమ్మా అంటే ఆ పనులేవీ చేయనక్కర్లేదు. అప్పుడు కర్పూరం వెలిగించారు, ఇప్పుడు మైకు పెడుతున్నారు. అప్పటివాళ్ళకు కనీసం నమ్మకం ఉండేది, పొరపాటున నమ్మారు. ఇప్పటివాళ్ళకు అది కూడా లేదు, ఆరాధన కమిటీలో ఎవరి పేరు ముందు వేయాలన్న తగవుతోనే ఏడాది గడిచిపోతుంది. నా పుస్తకం ఒకదానిలో మా వీధి మంచినీళ్ళ కుళాయి గురించి రాస్తే అది స్త్రీ హృదయానికి ప్రతీక అని ఒక విమర్శకుడు రాశాడు. కుళాయి మాత్రం బాగుపడలేదు. నా రాతలో ఉపమానాలు లేవని, పొడిగా ఉంటుందని అంటారు. అవును, కావాలనే అట్లా రాస్తాను. ఒక మాటకు ఇంకో అర్థం తీయడానికి సందు ఇస్తే ఏం జరుగుతుందో నేను దగ్గర కూర్చుని చూశాను. అంత జాగ్రత్తపడినా ఆ లెక్చరరు నా వాక్యంలో గూఢం వెతుక్కునే పోయాడు.

నాయనమ్మ పోయాక అత్త మిర్యాలగూడ మఠానికే వెళ్ళిపోయింది. అక్కడే ముసలిదై, అక్కడే పోయింది. మళ్ళీ ఒక్క పాట కట్టలేదు. కరపత్రంలో అది ‘దీర్ఘ మౌనదీక్ష’ అని ఉంది. ఒకసారి నేను చూడటానికి పోయినప్పుడు ఎందుకు కట్టడం లేదని అడిగాను. ‘ఏం గట్టినా వీళ్ళ తత్త్వం లెక్కనే తిప్పుకుంటరు బిడ్డా’ అంది. ఆ మాట నిజమైనది కాబట్టి ఆ తర్వాత నేను అడగలేదు. అయితే ఆమె తనంతట తాను మఠానికి పోలేదు. పోవడానికి ముందు ఇంకో తలుపు తట్టింది. అది కోదాడలో.

మిల్ట్రీ వచ్చి, రజాకార్లు చెదిరిపోయి, రోడ్ల మీద మళ్ళీ బండ్లు తిరగడం మొదలయ్యాక, అమ్మ ఎవరికీ చెప్పకుండా అత్తనూ నన్నూ తీసుకుని కోదాడ వెళ్ళింది. కులమూ వద్దు, గురువూ వద్దు, మనిషి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి తేల్చేస్తానని బయలుదేరింది. కోటయ్య మామ ఒప్పుకుంటే అటునుంచి అటే బెజవాడ పోయి బతకవచ్చు, అక్కడ వీళ్ళను ఎరిగినవాళ్ళు ఉండరు, రంగు పని ఎక్కడైనా దొరుకుతుంది. దారంతా అమ్మ ఈ లెక్కలే వేసింది. అత్త కోదాడ చేరిన పొద్దున చేతులకు కొత్త గాజులు వేయించుకుంది. అమ్మమ్మ వాళ్ళ వెనకింట్లో, దండెం మీద తడి నూలు ఆరేసి ఉన్నచోట, గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ నన్ను తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. తలుపు ఓరగా ఉంది.

కోటయ్య మామ వచ్చాడు. ముందు వాకిట్లో కాళ్ళు కడుక్కున్నాడు. చేతులు తోమి తోమి వచ్చినట్టున్నాడు, మణికట్ల దగ్గర ఎర్రబడి ఉన్నాయి, నీలం మాత్రం అట్లాగే ఉంది. కొత్త పంచె కట్టుకున్నాడు. అత్త తల ఎత్తి చూసింది. ఆమె ముఖంలో ఏముందో నేను చెప్పగలను, ఆశ. మా ఇంట్లో ఎన్నడూ ఎవరి ముఖంలోనూ నేను దాన్ని మళ్ళీ చూడలేదు. ఆయన రెండడుగులు ముందుకు వేసి ఆగాడు. భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాడు. నేల మీద మోకాళ్ళు ఆనించి, ఆమె పాదాలకు తగలకుండా కాస్త ఇవతల తల పెట్టి మొక్కాడు. ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. ఆయన తల ఎత్తకుండానే ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. లేచి, వెనక్కి తిరగకుండా, వచ్చిన దారినే అడుగులు వెనక్కి వేసుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

అమ్మ పరుగున పోయింది. తనతోపాటు నేనూ పోయాను. అత్త గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుని ఉంది.

‘ఏమన్నడు? చేసుకుంటనన్నడా?’ అని అమ్మ ఆమె భుజం పట్టి కుదిపింది.

అత్త తల తిప్పింది. ‘అమ్మా అన్నడు వదినా’ అంది.